వెదకులాట

సంఘమువారు సంచికకు వ్యాసమడిగినప్పుడెల్ల మేము శ్రీనాథుని గూర్చియో, క్షేత్రయ్యను గూర్చియో నాలుగు పుటలు వ్రాసి పంపుట ఆచారము. ఈ మారు ఆ మహనీయులకు విశ్రాంతి నిచ్చి, చేతిలో పట్టుకొని ఆడుకొనెడి యొక చిన్న యంత్రమును గూర్చియు, దానిలో మా యింటివారము ఆడిన వెదకులాటను గూర్చియు వ్రాయదలచితిమి. ఈ సంగతి వినగానే సంపాదకవర్గములోని మిత్రులొకరు, "అది పిల్లల వ్యవహారము కాదా?" అనిరి. మా యింట దానిని ఎక్కువగా ఆడినవారు ఎనుబది యేండ్లు దాటిన మా తల్లిగారు. అందుచేత ఆ యాక్షేపణ నిలువలేదు.

ఈ యాటల నెఱుగని పాఠకుల కొఱకు ముందుగా వాని స్వరూపము చెప్పవలసియున్నది. తెరమీద ఒక గది బొమ్మ కనబడును. అది సర్దిన గది కాదు. ఎన్నడును ఎవరును తుడువని కొట్టుగదివలె ఉండును. గోడకు వ్రేలాడు ఫిడేలు తీగల నడుమ ఒక కలము, కుర్చీకోడునకు చుట్టుకొన్న పాము, పూలగుడ్డమీది పువ్వులలో కలిసిపోయిన సీతాకోకచిలుక, పుస్తకముల వరుసలో పుస్తకమువలె నిలుచున్న అట్టపెట్టె. ప్రక్కన పది పండ్రెండు వస్తువుల పేళ్ల పట్టిక యుండును. పేరు చదివి, ఆ వస్తువు నెక్కడున్నదో కనిపెట్టి తాకవలెను. తాకినంతనే వస్తువు మాయమై పట్టికలో దాని పేరు చెరిగిపోవును. పట్టిక పూర్తియైనచో కథ ఒక యడుగు ముందునకు సాగును. కథ యనగా అపరాధ పరిశోధనమే. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలను తలగడక్రింద దాచుకొని చదివిన తరమువారము గనుక మాకు ఆ రుచి క్రొత్తది కాదు. అయితే నవలలో యుగంధర్ వెదకును, మనము చదువుదుము. ఇందులో వెదకులాట మన పాలిటిది.

అమెరికాలోని సియాటిల్ నగరపు బిగ్ ఫిష్ గేమ్స్ అను కంపెనీ 2005లో ‘మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్’ అను ఆటను కంప్యూటరు కొఱకు వెలువరించిన పిమ్మట ఈ జాతి ఆటలకు ప్రాచుర్యము వచ్చినది. 1937 నాటి అగాథా క్రిస్టీ నవల ‘డెత్ ఆన్ ది నైల్’ సైతము 2007లో ఇట్టి యాటగా మారినది. 2008లో ‘మిస్టరీ కేస్ ఫైల్స్: మిలియన్‌హెయిర్’ అను పేర ఆ వరుసలోని ఆట యొకటి చేతియంత్రములోనికి దిగినది. మా కథకు సంబంధించినది ఈ కడపటిది.

ఆ యంత్రము పేరు నింటెండో డి.ఎస్. జపాను దేశపు నింటెండో కంపెనీ దానిని 2004 చివర విడుదల చేసినది. పుస్తకమువలె తెరచి మూయుటకు వీలుగా దానికి రెండు తెరలుండును. క్రింది తెరను పుల్లవంటి కలముతో తాకినచో ఆ స్పర్శను యంత్రము గ్రహించును. ఈ కుటుంబపు యంత్రములు మొత్తము పదునైదు కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. మా తమ్ముని కుమారుడు ఉద్యోగరీత్యా అమెరికా పోయి 2010లో తిరిగి వచ్చుచు తెచ్చినది వీనిలో పెద్ద తెరలు గల రకము. తెర యొక్కొక్కటి కోణమునుండి కోణమునకు నాలుగంగుళములకు పైచిలుకు. రెండు మూడు మాసములాడి, అతడు దానిని బరంపురములోని మా బీరువాలో వదలిపోయెను. అది అందులో పదియేండ్లు నిద్రించినది.

2020 మార్చి చివర దేశమంతయు ఇండ్లకు తాళములు వేసికొని కూర్చున్నప్పుడు ఏడేండ్ల మా మనుమరాలు దానిని బయటికి తీసెను. ఛార్జి పెట్టగా అది లేచినది. ఇది మాకు నేటికిని ఆశ్చర్యమే. ఈ కాలపు యంత్రములనేకములు అంతర్జాలములోని యే దుకాణమో మూతపడినచో తామును సగము మూగబోవును. దీనికి ఆట ఒక చిన్న బిళ్లలో ఉండును. బిళ్ల గ్రుచ్చినచో చాలును. దీని తరువాతి తరమైన 3డి.ఎస్. యంత్రపు అంతర్జాల దుకాణములో 2023 మార్చితో క్రయములు నిలిచిపోయినవి. మా బిళ్ల కాతీరుగా ఎవరి దయయు అక్కఱలేదు.

వెదకుట యనునది ప్రాచీనమైన యాటయే. కిప్లింగు 1901లో ప్రకటించిన ‘కిమ్’ నవలలో సిమ్లాలోని లర్గన్ సాహెబు దుకాణమున తట్టలో రత్నములు పోసి, ఒక్కసారి చూపి, కప్పివైచి, ఏమేమి చూచితివో చెప్పుమని బాలుని పరీక్షించు ఘట్టమున్నది. బేడెన్ పవెల్ దొర 1908లో స్కౌటు బాలురకు వ్రాసిన పుస్తకములో దానిని శిక్షణగా చేర్చెను. మా చిన్ననాటి స్కౌటు శిబిరములలో రత్నములకు బదులు చాకుపిడి, బొత్తాము, సుద్దముక్క, చింతగింజ పెట్టి మా మాస్టారు అదే యాట నాడించెడివారు. అంతకంటె ముందు, గోపాలపురము సముద్రపుటొడ్డున ఇసుకను పొడవుగా గట్టువలె పోసి, అందులో చిన్న పుల్లను దూర్చి, అది యెచ్చట నున్నదో ఊహించి రెండు చేతులు జోడించి మూయుట మా కందఱకును తెలిసినదే. వెదకుటయందలి సుఖము ఇసుకలోనైన, తెరలోనైన ఒక్కటే. కనబడువఱకు అది యచట లేనట్లే యుండును. కనబడిన పిమ్మట ఇంతసేపు ఎట్లు కనబడలేదో యను వింతయే మిగులును.

మా మనుమరాలు ఆట మొదలుపెట్టిన రెండవనాడు మా తల్లిగారు వచ్చి ప్రక్కన కూర్చుండిరి.

"ఏటే అమ్మలూ, అందులో అంతలా చూస్తున్నావు?"

"వస్తువులు వెతకాలి తాతమ్మా. ఇదిగో, లిస్టు ఇక్కడుంది."

పట్టిక ఇంగ్లీషులో నున్నది. మా తల్లిగారికి ఇంగ్లీషు రాదు. వారికి తెలుగు చక్కగా వచ్చును. ఒరియా వినినచో అర్థమగును, అంగడిలో బేరమాడుటకు చాలును. మనుమరాలికి ఇంగ్లీషును ఒరియాయు బడిలో వచ్చినవి. తెలుగు ఇంటిలో చెవిని బడినంత మాత్రము. ఆ పిల్ల పట్టిక చదివి, వస్తువుల పేళ్లు తనకు తోచినట్లు తాతమ్మకు చెప్పసాగెను. చాబి, ఛతా, కైంచి అని పిల్ల చెప్పును. తాళంచెవి, గొడుగు, కత్తెర అని వారు సరిదిద్దుదురు. తాళమునకు చెవి యేమిటని పిల్ల పకపక నవ్వెను. "చెవిన పడితేనే కదా తెరుచుకుంటుంది" అని మా తల్లిగారనిరి. అది వ్యుత్పత్తి శాస్త్రమునకు నిలుచునో లేదో మేము చెప్పజాలము గాని, పిల్ల ఆ మాటను మఱల మఱచిపోలేదు.

ఇచ్చట ఆ యాటలోని యొక టక్కును గూర్చి చెప్పవలెను. పట్టిక వ్రాయువారు కావలెననియే రెండర్థముల మాటలు వాడుదురు. ‘బ్యాట్’ అని యుండును. మనము క్రికెట్టు కఱ్ఱ కొఱకు మూలమూలలు గాలింతుము. చివరకు దూలమునుండి గబ్బిలము తలక్రిందుగా వ్రేలాడుచుండును. ‘బో’ యనగా విల్లు కావచ్చును, జడకు కట్టు రిబ్బను ముడి కావచ్చును. ‘క్రేన్’ కొంగయో, బరువులెత్తు యంత్రమో తెలియదు. ‘నెయిల్’ గోరో మేకో తెలియదు. ఇంగ్లీషులో ఆడువారికి ఇది చిన్న చమత్కారము మాత్రమే. తెలుగు చేసి చెప్పవలసిన వారికి ఇది పెద్ద చిక్కు. గబ్బిలమా, బ్యాటా అని తేల్చనిదే తెలుగున పేరు చెప్పుట సాధ్యము కాదు. తేల్చవలెనన్న వస్తువును ముందు చూచియుండవలెను. కాబట్టి మా మనుమరాలు వస్తువు నంతకు ముందే కనిపెట్టి, కనిపెట్టనట్లు నటించుచు, "గబ్బిలం ఎక్కడుంది తాతమ్మా?" అని యడిగెడిది. అనువాదము చేయువాడు మూలమును చూచి యుండవలెనని పెద్దలు చెప్పగా వింటిమి. ఏడేండ్ల పిల్ల ఆ పని చేయుచుండగా చూచుట అదే ప్రథమము.

పదిదినములలో ఆట వారిద్దఱిదియు నైనది. తెరను తాకు పుల్లకు మా తల్లిగారు గంటమని పేరు పెట్టిరి. బొమ్మ తెరకంటె పెద్దది గావున దానిని అటునిటు జరుపుచు కొంచెము కొంచెముగా చూడవలసి వచ్చును. "కిటికీ సందులోంచి పెళ్లి చూసినట్టుంది" అని వారనిరి. కథ వారి కేమాత్రమును పట్టలేదు. కనబడకుండ పోయిన కోటీశ్వరుడు దొరకినను దొరకకున్నను వారికొక్కటే. మా యభిప్రాయమును అంతే. ఈ యాటలలో కథలు పలుచని మజ్జిగవంటివి. అపరాధము చేసినవాడెవడో మూడవ గదిలోనే తెలిసిపోవును. వస్తువులును అవియే యవియే తిరిగి వచ్చుచుండును. పైగా అంతయు దొరల యిల్లు. వారి పొగచుట్ట, వారి టోపి, వారి గుఱ్ఱపు లాడము. గుఱ్ఱపు లాడము మాత్రము మా తల్లిగారు గుమ్మమునకు కొట్టగా చూచినదే గనుక వెంటనే పోల్చిరి.

ఒకనాడు పట్టికలో ‘స్పూల్’ అని వచ్చినది. దారము చుట్టిన చిన్న కొయ్యగొట్టము. పిల్లకు పేరు తెలియలేదు. మేము ‘దారపు రీలు’ అంటిమి. మా తల్లిగారు మా వంక చూచి, "కండె అనరాదా?" అనిరి.

మాది మగ్గముల యిల్లు. బరంపురపు పట్టు దేవాంగుల చేతులలో వికసించినదని ఈ సంచిక పాఠకులకు వేఱుగా చెప్ప నక్కఱలేదు. మా తండ్రిగారి తరముతో మా యింట మగ్గము ఆగినది. గుంట పూడ్చి మీద గచ్చు చేయించితిమి. మేము ఉద్యోగములలో పడితిమి. మగ్గముతోపాటు దాని పేళ్లును పోయినవి. కండె, నాడె, పన్నె, రాట్నము, అచ్చు. అచ్చు అన్నమాట మా మనుమరాలికి మేమెప్పుడో చెప్పిన అ, ఆ లకు సంబంధించినది. మా తల్లిగారికి అది ముందుగా మగ్గపు మాట. క్రొత్త పడుగు పోగులను పాత పోగులతో ఒక్కొక్కటే యతుకుచు వారు కూర్చున్న మధ్యాహ్నములు. ఆ తరువాతనే అక్షరములు, ముద్రాక్షరములు, జంతికల అచ్చు. ఆటలోని ఇంగ్లీషువానికి ‘బో’, ‘బ్యాట్’ ఉన్నచో మనకు ‘అచ్చు’, ‘కొమ్ము’, ‘గుండు’ కలవు. ఎద్దుకొమ్మా పసుపుకొమ్మా, బోడితలయా తూనికగుండా యని ఎవరైన తెలుగున ఇట్టి యాట కట్టినచో మంచి టక్కులే వేయవచ్చును.

ఇందులకే మేమీ వ్యాసము వ్రాయుట. మన సంఘములలో భాషారక్షణమనినచో పద్యములు వల్లెవేయించుట, ఉగాదినాడు నాటకమాడుట, అక్షరాభ్యాసము చేయించుట జరుగుచున్నవి. అవి జరుగవలసినవే. కాని పిల్ల పద్యము నప్పగించి వేదిక దిగివచ్చి, తన చేతిలోని వస్తువును చూపి పొరుగుభాషలో పేరు చెప్పును. ఇది పిల్ల దోషము కాదు. ఆ వస్తువును తెలుగున పిలువవలసిన పని ఆ పిల్లకు దినమునకు ఒక్కమారైనను కలుగుట లేదు. పద్యము వేదికమీద బ్రదుకును. గరిటె, గొడుగు, గిలక అను మాటలు ఒకరినొకరు "అది అందుకో" అని యడిగినప్పుడే బ్రదుకును. ఈ యాటలో మా మనుమరాలికి దినమునకు ముప్పది మార్లు ఆ యవసరము కలిగినది. ఆటను చేసినవారికి ఆ యుద్దేశము లేశమును లేదు. వారు దొరల యింటిలో గబ్బిలమును దాచిరి; మాకు తెలుగు మాట దొరకినది.

చదువు సంగతి కూడ చెప్పుదుము. 1956లో ఏడవ సవరణముచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని చెప్పుచున్నది. 1936 ఏప్రిలు 1న ఒడిస్సా రాష్ట్రమేర్పడినది మొదలు మా జిల్లా తెలుగువారు ఈ బడుల కొఱకు అర్జీలు వ్రాయుచునే యున్నారు. మా మనుమరాలు చదువు బడిలో తెలుగు లేదు. ఏల లేదని యడుగగా, తగినంతమంది పిల్లలు చేరినచో చూతుమనిరి. బోధన లేనిచో పిల్లలు చేరరు గదా యని మేమంటిమి. ఆ సంభాషణము అచ్చటనే ఆగియున్నది. బడిలో నేర్పని యక్షరములు ఇంటిలో ఈ వెదకులాటవలన వచ్చినవి. అది యెట్లనగా, మా తల్లిగారు ఆట ముగిసిన తరువాత, ఆనాడు దొరకిన వస్తువుల పేళ్లను పాత పంచాంగముల వెనుకవైపున తెలుగున వ్రాయించుకొనెడివారు. మొదట తాము వ్రాయుట, తరువాత పిల్లచే వ్రాయించుట. పిల్లకు వస్తువు తెలియును గనుక అక్షరములను గుణించుకొన నక్కఱలేకుండ పేరును చూచి గుర్తుపట్టెను. గుర్తుపట్టిన పేరునుండి అక్షరములను విడదీసెను. ‘గొడుగు’ లోని మొదటి అక్షరమునకును చివరి యక్షరమునకును చుట్టరికమున్నదని తానే కనిపెట్టి మాకు చూపినది. ‘కత్తెర’ లోని తవత్తు మాత్రము చాలదినములు పిల్లను కష్టపెట్టెను.

2021 సంక్రాంతికి అటక దులుపునప్పుడు మా మనుమరాలికి ఒక యాలోచన తోచినది. అటకమీది సామాను నంతయు దించక, ఉన్నదున్నట్లుగా ఫోనుతో ఛాయాచిత్రము తీసి, తాతమ్మను పట్టిక వ్రాయుమని కోరెను. మా తల్లిగారు పది పేళ్లు వ్రాసిరి. సిబ్బి, ఊదుగొట్టము, కుంచము, కవ్వము, జంతికల గొట్టము, గిలక, లాంతరు, చేట, కండె, నాడె. మేమును పోటీకి కూర్చుంటిమి. బియ్యము వార్చు సిబ్బి పళ్లెముల నడుమ పళ్లెమువలె నుండెను. కుంచము నిండ పాత మేకులు పోసియుండుటచే అది మేకుల డబ్బాయని మేము దాటిపోతిమి, పిల్లయే చూచినది. పదింట తొమ్మిది దొరకినవి. నాడె దొరకలేదు.

పిల్ల ఆ చిత్రమును గంటసేపు పెద్దది చేసి చిన్నది చేసి చూచినది. చివరకు, "ఇక్కడ ఒక బొమ్మపడవ ఉంది తాతమ్మా, కాని నాడె లేదు" అనెను. రెండు కొనలును మొన తేలి, నడుమ తొట్టివలె తొలిచిన కొయ్య. నడుమ కండె నుంచుటకు తొలిచిన చోట పిల్లకు పడవలో మనుష్యులు కూర్చుండు చోటు కనబడినది. మా తల్లిగారు నిచ్చెన వేయించి దానిని దింపించి, కొంగుతో తుడిచి, పిల్ల చేతికిచ్చి, కుడిచేతినుండి ఎడమచేతికి గాలిలో విసరి చూపిరి. మగ్గము లేదు, పడుగు లేదు. చేయి మాత్రము ఆ పోకను మఱచిపోలేదు. ఆ రాత్రి పిల్ల నాడెను తన పెన్నుల పెట్టెలో దాచుకొనెను. అది నేటికిని అందులోనే యున్నది.

ఆ చిత్రమును మేము మహారాష్ట్రములోని షోలాపురమున నున్న యొక మిత్రునికి పంపితిమి. వారు పద్మశాలీలు; పూర్వులు తెలంగాణమునుండి పోయి అచట నేతలో స్థిరపడిన వారు. వారి మనుమడు కూడ నాడెను వెంటనే పట్టెనట గాని, పేరు మాత్రము ధోటా యనెనట. అది మరాఠీ మాట. హోసూరులోని మా బంధువుల పిల్ల నాడా యనినది. అది తమిళము; మన మాటకు దగ్గర చుట్టము. ఒక్క కొయ్యముక్క మూడు రాష్ట్రములు తిరిగి మూడు పేళ్లతో వచ్చినది. ఇందు విచారింపవలసినదేమో మాకు తెలియదు. నాడెను చూచి పడవ యనుటకంటె ధోటా యనుట మేలని మాత్రము మాకు తోచినది.

2022 చివర మా తల్లిగారికి చూపు తగ్గినది. వయస్సుతో వచ్చు నేత్రవ్యాధి. నడుమ చూపు మసకబారి అంచులు మాత్రము మిగులును. మనిషిని చూచినచో ముఖము కనబడదు, చెవులు కనబడునని వారే నవ్వుచు చెప్పుదురు. ఆట ఇంతటితో ముగిసినదని మేమనుకొంటిమి. మా మనుమరాలు అట్లనుకొనలేదు. యంత్రము ఒడిలో పెట్టుకొని బొమ్మను నోటితో వర్ణింపసాగెను. ఎడమ ప్రక్క కిటికీ, కిటికీ క్రింద బల్ల, బల్లమీద పూలకుండి, పూలకుండి వెనుక ఏదో నల్లగా. వర్ణింపవలసివచ్చునప్పటికి పేళ్లు మాత్రము చాలలేదు. మీద, క్రింద, వెనుక, సందున, ఓరగా, బోర్లించి, వెల్లకిల, చుట్టుకొని, ఆనుకొని. మేము వ్యాకరణము చెప్పి నేర్పినచో ఏడాదికిని రాని మాటలు ఆ వేసవిలో వచ్చినవి. మా తల్లిగారు కన్నులు మూసికొని విని, "లాంతరైతే కొక్కేనికి ఉంటుంది, దూలం కింద చూడు" అనెడివారు. అచట నుండదు. ఆటలో లాంతరు పూలకుండిలోనో, పియానో కాలిక్రిందనో యుండును.

అది వారికి నచ్చలేదు. "ఇదేం కొంప? వస్తువుకి ఒక చోటుండొద్దా?" అని విసుగుకొనిరి. వారి విసుగులో న్యాయమున్నది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినప్పుడు మా వీధిలో దీపములారిపోయి కొన్ని దినములు వెలుగలేదు. మేమందఱమును ఫోను వెలుగులో తడుముకొనుచుండగా, మా తల్లిగారు చీకటిలో నడిచిపోయి అగ్గిపెట్టె, లాంతరు, కిరసనాయిలు సీసా, గరాటు ఒకదాని తరువాత నొకటి తెచ్చి మా ముందు పెట్టిరి. వెదకలేదు. మగ్గముల యింటిలో కండె కొఱకు వెదకువాడు పూటకూలి పోగొట్టుకొనును. అందుచేత ఆ యిండ్లలో ప్రతి వస్తువునకును పేరు ఎట్లో చోటు నట్లు. ఇప్పుడు చూపు తగ్గినను వారు ఇంటిలో తడుముకొనరు. మేము కన్నులుండియు కండ్లజోడు కొఱకు దినమునకు రెండుమార్లు వెదకుదుము.

యంత్రపు కీలు ఒకవైపు పగిలినది. పిల్ల దానికి అంటుకాగితము చుట్టినది. క్రొత్త యంత్రములలో, అనగా 2017లో వచ్చిన నింటెండో స్విచ్ మొదలగు వానిలో, ఈ జాతి ఆటలు ఇంకను అందముగా వచ్చుచున్నవి. పోలండు దేశపు ఆర్టిఫెక్స్ ముండి కంపెనీ ఆటలను మా తమ్ముని కుమారుడు చూపెను. పాతకోటలు, పొగమంచు, మెఱుగైన చిత్రములు. మనుమరాలు చూచి బాగున్నవనెను గాని ఇప్పుడు పండ్రెండేండ్ల పిల్ల, తానే యాటలు కట్టుచున్నది. నెలకొక ఇంటివారు తమ కొట్టుగదినో, వంటగది గట్టునో ఛాయాచిత్రము తీసి, పది పేళ్ల తెలుగు పట్టికతో తక్కినవారికి పంపవలెను. బరంపురము, షోలాపురము, హోసూరు ప్రస్తుతము చేరినవి. యానాములోని ఒక కుటుంబమువారు చేరుదుమనిరి.

క్రిందటి నెల వంతు షోలాపురము వారిది. పట్టికలో ‘ఇసుర్రాయి’ అని యుండెను. మా తల్లిగారు విని, "విసిరే రాయి. తిరగలే" అని వెంటనే చెప్పిరి. పదవ పేరు ‘గంజు’. దానికి వారు ఆగిరి. నేతయింటివారు గనుక పడుగునకు పెట్టు గంజి తలపునకు వచ్చి, "గంజికుండ ఏదైనా ఉందేమో చూడమ్మా" అనిరి. పిల్ల చూచినది. ఆ చిత్రములో కుండలు లేవు. గిన్నెలు మాత్రము నాలుగున్నవి, ఒకటి సత్తుది, రెండు ఇత్తడివి, ఒకటి మూతతో కూడినది. వానిలో గంజు ఏదో, అసలు గంజు గిన్నెయో కాదో తేలలేదు. మేము నిఘంటువు తీయబోగా మా తల్లిగారు వారించిరి. అడిగి తెలిసికొనుటయే ఆటలోని నియమమట. మనుమరాలు నాలుగు గిన్నెలకును ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసి, చిత్రమును షోలాపురమునకు త్రిప్పి పంపినది. సమాధానము వచ్చువఱకు పట్టికలో ఆ యొక్క పేరు చెరపకుండ నున్నది.